సలమోనె రోస్సీ హీబ్రూ ప్రార్థనాగీతాలు: బహుగళ గానం, ధర్మచర్చ, ముద్రణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సలమోనె రోస్సీ (సుమారు 1570 – సుమారు 1630) ఇటలీలోని మాంటువా రాజాస్థానంలో పనిచేసిన యూదు వాగ్గేయకారుడు, తంత్రీవాద్య కళాకారుడు. హీబ్రూ ప్రార్థనాపాఠాలకు ఆయన కూర్చిన 33 బహుగళ రచనలు 1622-23లో వెనిస్ నగరంలో అచ్చయ్యాయి. యూదుల ఆరాధనాసంగీత చరిత్రలో ఈ రకమైన ముద్రిత గ్రంథాలలో ఇదే మొదటిది. ఈ గ్రంథం వెలువడడానికి ఒక ధర్మసందేహం తీరవలసి వచ్చింది, ఒక ముద్రణసమస్య పరిష్కారం కావలసి వచ్చింది, ఒక శైలీనిర్ణయం జరగవలసి వచ్చింది. ఈ మూడింటినీ విడివిడిగా పరిశీలించి, మూడింటిలోనూ కొత్త కళ సమాజపు పాత ధారణను ఆధారం చేసుకొనే నిలబడిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సలమోనె రోస్సీ, లియోన్ మోదెనా, మాంటువా, బహుగళ గానం, సమాజమందిరం, ఆరాధనాసంగీతం, ముద్రణ, ధారణ.

1. ఉపోద్ఘాతం:

ఆరాధనలో సంగీతానికి ఎంతవరకు చోటు ఇవ్వాలన్నది దాదాపు అన్ని మతసంప్రదాయాలూ ఎదుర్కొన్న ప్రశ్న. స్వరం పాఠాన్ని మోస్తుందా, పాఠాన్ని కప్పివేస్తుందా అన్న సందేహం ఈ ప్రశ్నకు మూలం. యూదుల విషయంలో దీనికి మరో కోణం ఉంది. సామాన్య శకం 70లో రోమన్ సేనలు యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేశాయి. దేవాలయంలో లేవీయులు వాద్యాలతో, గాత్రంతో నిర్వహించిన సంగీతసేవ దానితోనే ముగిసింది. ఆ నష్టానికి సంతాపసూచకంగా సంగీతాన్ని పరిమితం చేయాలన్న అభిప్రాయం తరువాతి ధర్మశాస్త్రగ్రంథాలలో బలపడింది. సమాజమందిరాలలో మిగిలినది ప్రధానంగా ఏకగళ గానమే. ప్రార్థన నడిపే హజ్జాన్ పాడితే సభ బదులు పలికేది. శ్రుతిలేఖనం లేకుండా, విని నేర్చుకొనే పద్ధతిలో ఆ గానం తరతరాలకు అందింది.

ఇటువంటి సంప్రదాయంలోకి మూడు మొదలు ఎనిమిది గాత్రాలు వేర్వేరు స్వరాలను ఏకకాలంలో పాడే బహుగళ గానాన్ని తీసుకొని రావడం చిన్న మార్పు కాదు. అది క్రైస్తవ దేవాలయాలలో, రాజాస్థానాలలో వృద్ధిచెందిన కళ. దానిని సమాజమందిరంలో పాడితే పరధర్మాన్ని అనుకరించినట్లే అవుతుందన్న ఆక్షేపణ సహజం. రోస్సీ గ్రంథాన్ని ఒక సంగీతకారుడి ప్రతిభకు నిదర్శనంగా మాత్రమే చూస్తే ఈ ఘర్షణ కనిపించదు. కాబట్టి ముందుగా ఆయన జీవించిన పరిస్థితులను గమనించడం అవసరం.

2. మాంటువా ఆస్థానం – రోస్సీ స్థానం:

పదహారవ శతాబ్ది చివరి దశకాలలో గొంజాగా వంశీయులు పాలించిన మాంటువా ఐరోపాలోని ముఖ్య సంగీతకేంద్రాలలో ఒకటి. క్లాడియో మాంటెవెర్డి 1612 వరకు అక్కడే కొలువు చేశాడు. సంగీతనాటక చరిత్రలో మైలురాయిగా నిలిచిన ఆయన ‘ఓర్ఫెయో’ 1607లో ఆ ఆస్థానంలోనే ప్రదర్శితమైంది. రోస్సీ ఆ వాతావరణంలోనే వాద్యకారుడిగా, రచయితగా ఎదిగాడు. ఆయన సోదరి ‘మదామా యూరోపా’ అన్న పేరుతో ఆస్థానగాయనిగా ప్రసిద్ధి పొందింది.

రోస్సీ లౌకిక రచనలు పరిమాణంలోనూ, నవ్యతలోనూ గణనీయమైనవి. 1589లో మూడు గాత్రాల కాంజొనెట్టాలతో ఆయన ముద్రిత రచనలు మొదలయ్యాయి. 1600లో వెలువడిన ఐదు గాత్రాల మాడ్రిగల్ సంపుటిలో తంత్రీవాద్య సహకారానికి ప్రత్యేక లిపిని చేర్చాడు. మాడ్రిగల్ ప్రక్రియలో అటువంటి వాద్యసహకారంతో అచ్చయిన తొలి సంపుటాలలో ఇది ఒకటి. 1607 మొదలు 1622 వరకు వచ్చిన నాలుగు వాద్యసంగీత సంపుటాలలో రెండు తారస్థాయి వాద్యాలు, వాటికి ఆధారంగా ఒక మంద్రవాద్యం అన్న అమరికను ఆయన స్థిరపరచాడు. తరువాతి కాలంలో ‘ట్రయో సొనాటా’ పేరుతో ఐరోపా అంతటా వ్యాపించిన ప్రక్రియకు ఈ అమరికే పునాది. అంటే రోస్సీ తన కాలపు సంగీతంలో వెనుకబడినవాడు కాదు, ముందు వరుసలో నడిచినవాడు.

ఈ ప్రతిష్ఠకు మరో పార్శ్వం ఉంది. తన ముద్రిత గ్రంథాల ముఖపత్రాలపై ఆయన పేరు పక్కన ‘ఎబ్రెయో’, అనగా ‘యూదుడు’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. మాంటువా యూదులు వస్త్రంపై పసుపుపచ్చ గుర్తు ధరించవలసి ఉండేది. 1606లో డ్యూక్ విన్చెంజో గొంజాగా రోస్సీకి ఆ నియమం నుండి మినహాయింపు ఇచ్చాడు. 1612లో తరువాతి పాలకుడు దానిని పునరుద్ధరించాడు. మినహాయింపు ఒక వ్యక్తికి ఇచ్చిన గౌరవమే కాని సమాజానికి దక్కిన హక్కు కాదు. అంతకు కొద్ది ఏళ్ల ముందు, 1602లో, ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి రెచ్చగొట్టే ప్రసంగాల నేపథ్యంలో మాంటువాలో ఏడుగురు యూదులను ఉరితీశారు. 1612 నాటికి ఆ నగర యూదులందరూ గెట్టో గోడల లోపలికి చేరవలసి వచ్చింది. పగలు ఆస్థానంలో, రాత్రి గెట్టోలో గడిచిన ఈ ద్వంద్వ జీవితమే హీబ్రూ ప్రార్థనాగీతాలకు నేపథ్యం.

3. ధర్మసందేహం – లియోన్ మోదెనా సమాధానం:

రోస్సీ గ్రంథాన్ని పరిష్కరించి, అచ్చుప్రతులను సరిదిద్దినవాడు వెనిస్ రబ్బీ లియోన్ మోదెనా (1571–1648). ఆయన పండితుడు, వక్త, స్వయంగా హజ్జాన్. సంగీతజ్ఞానం ఉన్న రబ్బీ కావడం వల్లనే ఈ కార్యానికి ఆయన తగినవాడయ్యాడు.

వివాదం గ్రంథానికి 17 ఏళ్ల ముందే మొదలయింది. 1605లో ఫెర్రారా నగరంలోని సమాజమందిరంలో, సంగీతం తెలిసిన ఆరుగురో ఎనిమిదిమందో పండుగలలోనూ, విశేషదినాలలోనూ స్వరమేళనంతో ప్రార్థనాగీతాలు పాడారు. దేవాలయ వినాశనం తరువాత ఇటువంటి ఉల్లాసం నిషిద్ధమని కొందరు అడ్డుచెప్పారు. అప్పుడు మోదెనా ఒక ధర్మనిర్ణయ పత్రం రాశాడు. వెనిస్ రబ్బీలు దానిని ఆమోదించారు. రోస్సీ గ్రంథానికి పీఠికగా మోదెనా ఆ పత్రాన్ని మళ్లీ అచ్చువేయించాడు. సంగీతగ్రంథం తన సమర్థనను తన వెంటే తెచ్చుకొన్నదన్నమాట.

మోదెనా వాదాన్ని మూడు అంశాలుగా సంగ్రహించవచ్చు.

మొదటిది, నిషేధం పరిధి. పూర్వశాస్త్రకారులు వారించినది మద్యపానగోష్ఠులలోని వినోదగానాన్ని, లౌకిక విలాసాన్ని. వధూవరులను సంతోషపెట్టడం, పండుగను ఆచరించడం వంటి ధర్మవిహిత సందర్భాలలోని గానానికి ఆ వారింపు వర్తించదని ఆయన వాదించాడు.

రెండవది, గాత్రం అన్న వరం. మంచి కంఠం గల హజ్జాన్ తన కంఠాన్ని దైవసేవకు వినియోగించాలన్నది అందరూ ఒప్పుకొన్న విషయమే. ఒక్కడు మధురంగా పాడడం ధర్మమైనప్పుడు, అతనికి తోడుగా మరికొందరు స్వరం కలిపి పాడితే అది అధర్మం ఎలా అవుతుందని మోదెనా ప్రశ్నించాడు.

మూడవది చారిత్రకం. సంగీతవిద్య మొదట దేవాలయానికి చెందినదే. అన్యజనులు దానిని ఇశ్రాయేలు నుండే తీసుకొన్నారన్న భావం మధ్యయుగ యూదుసాహిత్యంలో ప్రచారంలో ఉండేది. మోదెనా దానిని ఆశ్రయించి, రోస్సీ చేసినది అరువు తేవడం కాదు, పోయినదానిని తిరిగి తెచ్చుకోవడమని ప్రతిపాదించాడు.

ఈ మూడవ వాదాన్ని నేటి సంగీతచరిత్ర దృష్టితో అంగీకరించలేం. రోస్సీ వాడిన బహుగళ పద్ధతి ఐరోపా క్రైస్తవ సంగీతంలో శతాబ్దాలుగా రూపొందినదే. కాని వాదం చేసిన పని గమనించదగినది. ఒక సమాజం కొత్తదనాన్ని అంగీకరించడానికి అది తనదేనన్న స్మృతి అవసరమయింది. కొత్తదనం నేరుగా కాక, జ్ఞాపకం అన్న ద్వారం గుండా లోపలికి ప్రవేశించింది.

4. గ్రంథస్వరూపం – పేరు, పాఠాలు:

గ్రంథం పేరు ‘హషీరిమ్ అషెర్ లిష్లోమో’. ‘సొలొమోనువైన గీతాలు’ అని దీని అర్థం. తెలుగు బైబిలులో ‘పరమగీతము’గా ప్రసిద్ధమైన గ్రంథానికి హీబ్రూలో ఉన్న ప్రారంభవాక్యాన్ని ఈ పేరు శ్లేషగా స్ఫురింపజేస్తుంది. రచయిత పేరు కూడా సొలొమోనే కనుక శ్లేష కుదిరింది. పేరు చూసి పరమగీత భాగాలకు ఇందులో స్వరం కూర్చారని భావించడం మాత్రం పొరపాటు. ఇందులోని పాఠాలు ఎక్కువగా దావీదు కీర్తనలు. వాటితోపాటు అదోన్ ఓలామ్, యిగ్దాల్ వంటి స్తోత్రాలు, అరామిక్ భాషలోని కద్దీష్, నిత్యప్రార్థనలలోని ఇతర భాగాలు ఉన్నాయి. చివరిది ఎనిమిది గాత్రాల వివాహగీతం. ఒక బృందం పలికిన చివరి అక్షరాలు ప్రతిధ్వనిగా మరలి వచ్చి కొత్త అర్థం ఇచ్చే చమత్కారం అందులో ఉంది. సంపుటాన్ని వివాహగీతంతో ముగించడం మోదెనా మొదటి వాదానికి దీటైన ఉదాహరణగా తోస్తుంది.

పాఠాల ఎంపికలో విశేషంగా గమనించవలసినది 137వ కీర్తన. బబులోను నదుల ఒడ్డున చెరలో ఉన్నవారు తమ వాద్యాలను చెట్లకు తగిలించి, పరదేశంలో పాడలేమని విలపించే కీర్తన అది. గానానికి అడ్డుచెప్పేవారి భావన అంతా అందులో ఇమిడి ఉంది. రోస్సీ ఆ కీర్తననే నాలుగు గాత్రాలకు కూర్చాడు. పాడలేమన్న దుఃఖాన్ని పాడి వినిపించాడు. సంతాపమూ సంగీతమూ పరస్పరవిరుద్ధాలు కావన్న వాదాన్ని మోదెనా శాస్త్రభాషలో చెప్పగా, రోస్సీ స్వరభాషలో చెప్పాడని భావించవచ్చు.

5. ముద్రణసమస్య – ఎదురెదురు దిశలు:

గ్రంథాన్ని వెనిస్‌లో పియెత్రో, లొరెంజో బ్రగదీనిలు ముద్రించారు. అప్పుడు ఎదురైన చిక్కు ఈ గ్రంథానికే ప్రత్యేకం. ఐరోపా స్వరలిపి ఎడమ నుండి కుడికి నడుస్తుంది. హీబ్రూ లిపి కుడి నుండి ఎడమకు నడుస్తుంది. రెండింటినీ ఒకే పంక్తిలో పైన, కింద ఎలా అమర్చాలి?

తెలుగు పాఠకులకు ఈ సమస్య తీవ్రత వెంటనే తట్టకపోవచ్చు. 1904లో తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తీసుకొంటే, స్వరం, సాహిత్యం రెండూ ఒకే దిశలో సాగుతాయి. స్వరాక్షరానికి ఎదురుగా సాహిత్యాక్షరం కూర్చుంటుంది. హీబ్రూలో ఆ సౌలభ్యం లేదు.

పరిష్కారమార్గాలు ప్రధానంగా రెండు. స్వరలిపిని కుడి నుండి ఎడమకు తిప్పి రాయడం ఒకటి, ప్రతి హీబ్రూ పదాన్నీ అక్షరఖండాలుగా విడగొట్టి ఎడమ నుండి కుడికి పేర్చడం మరొకటి. మొదటి పద్ధతిలో సంగీతం తెలిసినవాడు తడబడతాడు. రెండవ పద్ధతిలో పవిత్రపాఠం ముక్కలవుతుంది. రోస్సీ గ్రంథంలో ఈ రెండూ జరగలేదు. స్వరాలు యథాప్రకారం ఎడమ నుండి కుడికి సాగాయి. పదాన్ని విడగొట్టకుండా, కుడి నుండి ఎడమకు చదివే సహజరూపంలోనే ఉంచి, సంబంధిత స్వరసముదాయం కింద అమర్చారు. ఏ అక్షరం ఏ స్వరంపై పడాలో గాయకుడే నిర్ణయించుకోవాలి. స్వరాలను తలకిందులు చేసి గాయకులను తికమకపెట్టడం కన్నా, కంఠస్థమై ఉన్న మాటలను అలవాటుకు విరుద్ధంగా చదువుకోవడమే మేలని పీఠికలో మోదెనా ఇచ్చిన వివరణ సారాంశం.

ఈ వివరణ చిన్నదే అయినా దానిలో గ్రంథం ఆయువుపట్టు ఉంది. ఈ పుటలు పూర్తి సమాచారం ఇవ్వవు. స్వరానికీ మాటకూ మధ్య మిగిలిన ఖాళీని గాయకుడి ధారణ పూరించాలి. కీర్తనలను, ప్రార్థనలను బాల్యం నుండి పలుకుతూ వచ్చినవాడికే ఈ పుస్తకం పూర్తిగా అందుతుంది. అచ్చుయంత్రం, బహుగళ గానం అన్న రెండు నూతన సాధనాలూ మౌఖికసంప్రదాయాన్ని తొలగించలేదు, దానిపైనే ఆనుకొన్నాయి.

ఆ నాటి పద్ధతి ప్రకారం ఒక్కొక్క గాత్రానికి ఒక్కొక్క విడి పుస్తకం అచ్చయింది. అన్ని గాత్రాలూ ఒకేచోట కనిపించే సమగ్రప్రతి లేదు. గ్రంథాన్ని అనుమతి లేకుండా 15 ఏళ్లపాటు ఎవరూ పునర్ముద్రించరాదని రబ్బీలు ఇచ్చిన శాసనం కూడా ఇందులో చేరింది. కొత్త ప్రక్రియకు వాడుక పెరుగుతుందన్న ఆశ లేనిదే అటువంటి రక్షణ కోరడం జరగదు.

6. శైలి – నిగ్రహం:

వాద్యసంగీతంలో అంత సాహసం చూపిన రోస్సీ ప్రార్థనాగీతాలలో నిగ్రహాన్ని పాటించాడు. ఇందులో వాద్యసహకారం సూచితం కాలేదు. చాలా రచనలలో గాత్రాలన్నీ ఒకే అక్షరాన్ని ఇంచుమించు ఒకేసారి పలుకుతాయి. ఒక గాత్రం వెనుక మరొకటి తరిమినట్లు సాగే సంక్లిష్ట అనుకరణలు పరిమితం. ఒక్కొక్క అక్షరానికి సాధారణంగా ఒకటి రెండు స్వరాలే. పాఠం స్పష్టంగా వినిపించాలన్నదే ఈ శైలి లక్ష్యమని చెప్పవచ్చు.

దీనికి కారణాలు ఊహించడం కష్టం కాదు. విశ్రాంతిదినంలో వాద్యం వాయించడం ధర్మవిరుద్ధం. పవిత్రపదాలను అనవసరంగా పునరుక్తి చేయడం ఆక్షేపణీయం. గాత్రాలు చిక్కువడి పాఠం వినబడకపోతే ప్రత్యర్థుల ఆరోపణ నిజమవుతుంది. రోస్సీ శైలి వారికి స్వరరూపంలో ఇచ్చిన ముందస్తు సమాధానం. మరో విశేషం ఏమిటంటే, సమాజమందిరంలో పరంపరగా వచ్చిన బాణీలను ఈ రచనలలో స్పష్టంగా గుర్తించలేం. స్వరం దాదాపు పూర్తిగా నాటి ఇటలీది, పాఠం పూర్తిగా హీబ్రూ ప్రార్థనది. ఈ రెండింటినీ కలిపి ఉంచిన బంధం రాగపరంపర కాదు, కంఠస్థమైన పాఠం. ముద్రణలో ధారణ చేసిన పనినే ఇక్కడా అది చేసింది.

7. విచ్ఛేదం – పునరుద్ధరణ:

రోస్సీ చివరి ముద్రిత సంపుటం 1628 నాటిది. అదే సంవత్సరం మాంటువా వారసత్వయుద్ధం మొదలయింది. 1630 జులైలో సామ్రాజ్యసేనలు నగరాన్ని కొల్లగొట్టాయి. గెట్టో దోపిడికి గురైంది, యూదులను వెళ్లగొట్టారు. యుద్ధంతోపాటు మహమ్మారి కూడా ఉత్తర ఇటలీని కబళించింది. వెనిస్ గెట్టోలో మోదెనా పర్యవేక్షణలో నడిచిన సంగీతసమాజం కూడా ఆ మహమ్మారి దెబ్బకు క్షీణించింది.

రోస్సీ ప్రయత్నం ఆగిపోవడానికి రబ్బీల వ్యతిరేకతే కారణమని సులభంగా అనుకొంటాం. వాస్తవం అంత సరళం కాదు. ధర్మచర్చలో ఆయన పక్షం గెలిచింది. ఓడినది ఆ గానానికి ఆధారమైన సమాజం. స్వరలిపి చదవగల శిక్షణ, ప్రార్థన కంఠస్థమైన సంస్కారం రెండూ ఒకే వ్యక్తిలో కలిసిన గాయకులు చెదిరిపోయాక, పుస్తకాలు మూగవైనాయి. దాదాపు 200 ఏళ్ల తరువాత వియన్నాలో సాలొమన్ సుల్‌జర్, బెర్లిన్‌లో లూయీ లెవాండోవ్‌స్కీ సమాజమందిరాలకు బహుగళ గానాన్ని స్థిరపరచారు. కాని వారిది రోస్సీ నుండి నేరుగా సాగిన పరంపర కాదు, మళ్లీ మొదలుపెట్టిన ప్రయాణం.

పందొమ్మిదవ శతాబ్దిలో రోస్సీ గాత్రపుస్తకాలు పారిస్ హజ్జాన్ సామ్యుయెల్ నౌంబూర్గ్ చేతికి అందాయి. ఆయన 1877లో ఈ గీతాలలో 30 రచనలను ప్రకటించాడు. లౌకిక రచనల ఎంపికకు యువసంగీతకారుడు విన్సెంట్ దాందీ తోడ్పడ్డాడు. తన కాలపు ఆరాధనావసరాల కోసం నౌంబూర్గ్ స్థాయిని, లయను, కొన్నిచోట్ల పాఠాన్నీ మార్చాడు. శాస్త్రీయ పరిష్కరణ దృష్ట్యా ఇది లోపమే. అయినా మూగవోయిన పుస్తకాన్ని మళ్లీ పలికించినవాడు ఆయనే. ఇరవయ్యవ శతాబ్దిలో విమర్శనాత్మక పరిష్కరణలు వెలువడ్డాయి. డాన్ హర్రాన్ రోస్సీ సమగ్రరచనలను పరిష్కరించడంతోపాటు 1999లో ఆయనపై ప్రామాణిక గ్రంథం ప్రకటించాడు.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. రోస్సీ ప్రార్థనాగీతాలను కేవలం ఐరోపా సంగీతానికి అనుకరణగా గాని, యూదుసంప్రదాయానికి సహజమైన కొనసాగింపుగా గాని చెప్పలేం. అవి రెండు లోకాల మధ్య జరిగిన స్పష్టమైన ఒప్పందం.

2. ధర్మచర్చలో పూర్వస్మృతి, ముద్రణలో కంఠస్థపాఠం, శైలిలో పాఠస్పష్టత – ఈ మూడూ ఒకే సూత్రాన్ని పాటించాయి. కొత్త కళ ప్రతి దశలోనూ సమాజపు ధారణను పునాదిగా చేసుకొన్నది.

3. ఆ పునాదియే గ్రంథం బలం, బలహీనత కూడా. ధారణ గల సమాజం ఉన్నంతకాలం అసంపూర్ణమైన పుట సంపూర్ణగానమైంది. సమాజం చెదిరినప్పుడు ముద్రణ ఒక్కటే గానాన్ని నిలపలేకపోయింది. అయితే ముద్రణ లేకపోతే పునరుద్ధరణకు అవకాశమే ఉండేది కాదు.

మౌఖికసంప్రదాయాలను లిపిబద్ధం చేసే పనిలో ఉన్న పరిశోధకులు రోస్సీ గ్రంథం నుండి గ్రహించదగినది ఈ చివరి అంశమే. లిపి దేనిని నమోదు చేసిందన్న ప్రశ్నతోపాటు, చదువరికి తెలిసే ఉంటుందని దేనిని వదిలివేసిందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. మాంటువా గెట్టోతోపాటు పోయినది ఆ వదిలివేసిన భాగమే.